లివర్‌కు కావాల్సింది బూస్టర్ కాదు

బంట్వారం మండలం నుంచి వచ్చిన ఆ అబ్బాయికి ముప్పై ఏళ్లుంటాయి. తాండూరులో నాపరాయి పాలిషింగ్ యూనిట్‌లో పని. వెంట వాళ్లమ్మ వచ్చింది. కూర్చోగానే ఆమె చేతిలోని కవర్‌ను నా టేబుల్ మీద బోర్లించింది. రెండు సిరప్ సీసాలు, ఒక పొడి డబ్బా, కాగితంలో చుట్టిన ఎండు కాడలు. అన్నిటికంటే అడుగున, సగం కూడా వాడని టెనోఫోవిర్ మాత్రల డబ్బా.

రెండేళ్ల కిందట రక్తదాన శిబిరంలో రక్తమిస్తే హెపటైటిస్-బి బయటపడింది. పరీక్షలన్నీ చేసి మాత్రలు మొదలుపెట్టారు. ఏడాదిన్నర బుద్ధిగా వేసుకున్నాడు. ఒకరోజు వైరల్ లోడ్ రిపోర్టులో వైరస్ కనిపించలేదని వచ్చింది. జబ్బు పోయిందనుకుని మాత్రలు ఆపేశాడు. వాటి బదులు ఎవరో చెప్పిన ఇమ్యూనిటీ పొడి మొదలుపెట్టాడు. నాలుగో నెలలో కళ్లు పచ్చబడ్డాయి. నా దగ్గరికి వచ్చేనాటికి ఎస్‌జీపీటీ వెయ్యి దాటింది.

‘‘మాత్రలైతే శానా తిన్నడు సారూ. లోపల బలం లేకనే మల్ల ఒచ్చింది. ఇమ్యూనిటీ పెరిగేటి మందు ఏమన్న రాయుండ్రి’’ అంది ఆ తల్లి.

కొవిడ్ వచ్చి వెళ్లినప్పటి నుంచి ఈ మాట వినని ఓపీ లేదు. షుగరున్నవాళ్లు అడుగుతారు, మోకాళ్ల నొప్పులవాళ్లు అడుగుతారు, పిల్లాడు అన్నం తినడం లేదని తెచ్చినవాళ్లూ అడుగుతారు. చాలా జబ్బుల్లో ఆ మాట వల్ల పోయేది జేబులో డబ్బే. హెపటైటిస్-బిలో మాత్రం లివరే పోవచ్చు. అందుకే దీని మీద కాస్త గట్టిగా రాయాలనిపించింది.

ముందుగా ఒక విషయం. హెపటైటిస్-బి వైరస్ లివర్ కణాన్ని తానుగా కొరుక్కు తినదు. కణంలో చేరి, దాని కేంద్రకంలో తన జన్యుపదార్థాన్ని దాచుకుని, పిల్లల్ని పెట్టుకుంటూ ఏళ్ల తరబడి ఉండగలదు. లివర్‌కు జరిగే నష్టంలో ఎక్కువ భాగం మన రోగనిరోధక వ్యవస్థ ఆ కణాల మీద చేసే దాడి వల్లే జరుగుతుంది. ఆ అబ్బాయి ఎస్‌జీపీటీ వెయ్యి దాటిందంటే లోపల సైన్యం నిద్రపోయిందని కాదు, విరుచుకుపడిందని అర్థం. అలాంటి సమయంలో ‘ఇంకాస్త బలం ఇవ్వండి’ అని అడుగుతున్నాం మనం.

ఈ సైన్యంలో ఒక దళం గురించి చెప్పుకుంటే విషయం తేటగా అర్థమవుతుంది. వాటిని నేచురల్ కిల్లర్ కణాలు అంటారు. ఎన్‌కే కణాలు అందాం. 1975లో వీటికి ఆ పేరు పెట్టారు. ముందుగా ఏ శిక్షణా లేకుండానే, వైరస్ సోకిన కణాన్నో, క్యాన్సర్ కణాన్నో పసిగట్టి చంపగలవు కాబట్టి ‘సహజంగానే చంపేవి’ అని ఆ పేరు. రక్తంలో తిరిగే లింఫోసైట్లలో ఇవి 5 నుంచి 15 శాతం ఉంటాయి. లివర్‌లో అయితే 30 నుంచి 50 శాతం దాకా ఉంటాయి. అంటే లివర్‌కు కాపలా కాసేది ప్రధానంగా వీళ్లే.

కాపలా అంటే మన దిక్కు రైతుకు వేరే చెప్పక్కర్లేదు. కంకి పట్టిన మొక్కజొన్న చేనులోకి అడవి పందులు పడతాయని రాత్రంతా మంచె మీద మేలుకునే మనిషికి రెండు పనులుంటాయి. ఒకటి, కర్ర తీసుకుని తరమడం. రెండోది, కేకేయడం. నిజానికి కేకే ముఖ్యం. కేక వింటే పక్క చేన్లవాళ్లు లేస్తారు, లైట్లు వేస్తారు, పది మంది కలిస్తే పందులు చేను తొక్కకుండానే వెళ్లిపోతాయి. ఒక్కడే చీకట్లో కర్ర తిప్పితే పందికి ఒక దెబ్బ, పంటకు పది దెబ్బలు.

ఎన్‌కే కణాలకూ అచ్చంగా ఈ రెండు పనులే. వాటి కర్ర, సోకిన కణాన్ని చంపే శక్తి. వాటి కేక, ఇంటర్‌ఫెరాన్-గామా అనే రసాయనం. ఈ రసాయనం టీ కణాలను రప్పిస్తుంది. అంతకంటే గొప్ప సంగతి, లివర్ కణాన్ని చంపకుండానే లోపలి వైరస్ నోరు మూయించగలదు. లివర్‌కు దెబ్బ తగలకుండా వైరస్‌ను అణచే మార్గం అదే.

దీర్ఘకాలిక హెపటైటిస్-బి ఉన్నవాళ్లలో ఎన్‌కే కణాలను పరీక్షించి చూసిన ఇటలీ పరిశోధకులు 2009లో ఒక విచిత్రం గమనించారు. కర్ర బాగానే ఉంది. కేక పడిపోయింది. చంపే శక్తి ఉంది, ఇంటర్‌ఫెరాన్-గామా మాత్రం సరిగా రావడం లేదు. మరుసటి ఏడాది లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీ బృందం దానికి కారణం చూపించింది. లివర్‌లో ఇంటర్‌ల్యూకిన్-10, టీజీఎఫ్-బీటా అనే రెండు రసాయనాలు ఉంటాయి. ‘కాస్త నెమ్మదించు’ అని చెప్పడం వాటి పని. పేగుల నుంచి నిత్యం ఏదో ఒక కొత్త పదార్థం వచ్చి పడే చోటు కాబట్టి, ప్రతి దానికీ గొడవ పెట్టుకోకుండా ఉండేందుకు లివర్‌కు ఆ నెమ్మది అవసరం. హెపటైటిస్-బిలో ఇవే ఎన్‌కే కణాల గొంతు నొక్కేస్తున్నాయి. ప్రయోగశాలలో ఈ రెండింటినీ అడ్డుకుంటే గొంతు తిరిగి వచ్చింది.

అదే లండన్ బృందం నుంచి వచ్చిన మరో రెండు ఫలితాలు చూస్తే నాకు మంచె మీది మనిషే గుర్తొస్తాడు. జబ్బు ఒక్కసారిగా ముదిరే రోజుల్లో ఎన్‌కే కణాలు ట్రెయిల్ అనే ఆయుధంతో లివర్ కణాల మీదే పడుతున్నాయని 2007లో చెప్పారు. వైరస్‌ను గుర్తుపట్టి వచ్చే టీ కణాలను కూడా ఇవే చంపేస్తున్నాయని 2013లో చెప్పారు. అంటే చీకట్లో కర్ర తిప్పుతున్న కాపలాదారు పంటను కొట్టాడు, సాయానికి వచ్చిన పక్క చేను మనిషినీ కొట్టాడు.

ఇప్పుడు చెప్పండి, ఈ కాపలాదారుకు ఏమివ్వాలి? ఇంకా బలమైన కర్రా?

‘ఇమ్యూనిటీ’ అనేది ట్యాంకులో నీళ్లలాంటిది, తగ్గితే పోయాలి అనే ఊహ మీదే ఆ డబ్బాల వ్యాపారమంతా నడుస్తోంది. హెపటైటిస్-బిలో తగ్గింది పరిమాణం కాదు, తాళం తప్పింది. ఏ పొడి తిన్నా పడిపోయిన కేక ఒక్కటే తిరిగొచ్చి, కర్ర మాత్రం ఆగుతుందన్న రుజువు ఎవరి దగ్గరా లేదు. ఎక్కడైనా ఎన్‌కే కణాల పరీక్ష చేయించుకుంటే మీ ఇమ్యూనిటీ ఎంతో తేలిపోతుందని చెబితే దానికీ డబ్బు పెట్టకండి. హెపటైటిస్-బికి ఎప్పుడు మందు మొదలుపెట్టాలి, ఎప్పుడు ఆపాలి అన్నది ఆ పరీక్ష చూసి ఎవరూ నిర్ణయించరు. అది ఇంకా పరిశోధకుల చేతిలోనే ఉంది.

రోగనిరోధక శక్తి మీద పనిచేసే అసలైన మందు ఒకటి లేకపోలేదు. పెగ్ ఇంటర్‌ఫెరాన్ ఇంజెక్షన్. వారానికొకటి, మామూలుగా 48 వారాలు. ఇది ఎన్‌కే కణాల్లో కేకేసే రకం సంఖ్యను పెంచుతుందని కూడా చూశారు. కానీ జ్వరం, నీరసం, మనసు కుంగిపోవడం, రక్తకణాలు తగ్గడం లాంటి ఇబ్బందులున్నాయి. ఫలితం కొద్దిమందిలోనే. లివర్ బాగా దెబ్బతిన్నవాళ్లకు ఇస్తే ప్రమాదం. అంత జాగ్రత్తగా, లెక్కబెట్టి ఇచ్చే మందు అది. బస్టాండు పక్క దుకాణంలో దొరికే పొడి మాత్రం ఏ లెక్కా లేకుండా అందరికీ ఒకటే చెంచా!

ఇక ఎండు కాడల సంగతి. కాగితం విప్పి చూపిస్తూ ఆ తల్లి ‘తిప్పతీగ’ అంది. కొవిడ్ రోజుల్లో తిప్పతీగ కషాయం తాగని ఇల్లు లేదు. ఆ తర్వాతే దేశంలోని 13 ఆసుపత్రుల డాక్టర్లు కలిసి, తిప్పతీగ వాడాక లివర్ దెబ్బతిన్న 43 మంది వివరాలు 2022లో ప్రచురించారు. హైదరాబాద్ ఏఐజీ ఆసుపత్రి డాక్టర్లు అందులో ముందున్నారు. వారిలో చాలామందికి లివర్ మీద సొంత రోగనిరోధక వ్యవస్థే దాడి చేసిన లక్షణాలు కనిపించాయి. ఇలాంటి నివేదికలు మొదట వచ్చినప్పుడు ఆయుష్ శాఖ ఒప్పుకోలేదు. అది అసలు తిప్పతీగ అయి ఉండదు, అలాగే కనిపించే మరో తీగ అయి ఉండవచ్చని అంది. అలాగే అనుకుందాం. ఎండిపోయి కాగితంలో చుట్టిన కాడను చూసి అది ఏ తీగో ఆ తల్లి చెప్పగలదా? నేను చెప్పలేను. హెపటైటిస్-బి ఉన్న లివర్ మీద ఆ జూదం ఆడకూడదన్నదే నా అభిప్రాయం.

పసరు మందు పేరెత్తితే నేనేదో నాటు వైద్యానికి శత్రువునని కొందరనుకుంటారు. కాదు. నేల ఉసిరిని సైన్సు చాలా గౌరవంగానే పరీక్షించింది. 1988లో మద్రాసు పరిశోధకులు దాని పొడిని దీర్ఘకాలిక హెపటైటిస్-బి ఉన్నవాళ్లకు నెల రోజులు ఇచ్చి, 37 మందిలో 22 మందికి వైరస్ పోయిందని ‘లాన్సెట్’ పత్రికలో రాశారు. రాసినవాళ్లలో ఒకరు బరూచ్ బ్లంబర్గ్. ఈ వైరస్‌ను కనిపెట్టినందుకే 1976లో నోబెల్ అందుకున్న మనిషి ఆయన. ఇంతకంటే పెద్ద సాక్షి ఎవరు దొరుకుతారు? ప్రపంచమంతా ఆశపడింది. తర్వాత థాయిలాండ్‌లో చేశారు, న్యూజిలాండ్‌లో చేశారు. ఆ ఫలితం మళ్లీ రాలేదు. కథ అక్కడ ముగిసింది. మన ఊళ్లలో మాత్రం మొదటి సగమే నడుస్తోంది.

పసరుకు ఇంత పేరు రావడానికి ఇంకో కారణముంది. నీళ్ల వల్ల వచ్చే హెపటైటిస్-ఎ, హెపటైటిస్-ఇ కామెర్లు చాలామందిలో వాటంతటవే తగ్గిపోతాయి. పెద్దయ్యాక హెపటైటిస్-బి సోకినవాళ్లలో కూడా 95 శాతానికి పైగా తమంతట తామే బయటపడతారు. వాళ్లందరూ ఆ మూడు వారాల్లో ఏదో ఒక పసరు తాగే ఉంటారు. పేరు పసరుకు వస్తుంది. బయటపడని వాళ్లు ఇరవై ఏళ్ల తర్వాత పొట్టలో నీరు చేరి వస్తారు. అప్పుడు పసరు పోసినాయన ఎవరికీ గుర్తుండడు.

మళ్లీ ఆ మాత్రల డబ్బా దగ్గరికి వద్దాం. టెనోఫోవిర్ గొప్పగా కనిపించే మందు కాదు. రోజుకొక మాత్ర, ఏళ్ల తరబడి. వేసుకుంటే ఒంట్లో ఏమీ తెలియదు, మానేసినా మొదట్లో ఏమీ తెలియదు. అది వైరస్‌ను పెరగనివ్వదు, అంతే. కేంద్రకంలో దాక్కున్న మూలాన్ని తీసెయ్యలేదు. రిపోర్టులో వైరస్ కనిపించలేదంటే మందు పనిచేస్తోందని అర్థం తప్ప జబ్బు పోయిందని కాదు. ఈ ఒక్క వాక్యాన్ని రిపోర్టు ఇచ్చే ప్రతిచోటా తెలుగులో అచ్చు వేయించాలని ఎన్నోసార్లు అనుకున్నాను. వైరస్ అణిగి ఉన్న కొద్దీ లివర్ నెమ్మదిస్తుంది, గట్టిపడటం ఆగుతుంది, క్యాన్సర్ ముప్పు తగ్గుతుంది. ఇంకో చిత్రం కూడా ఉంది. ఇలాంటి మాత్రలతో వైరస్ అణిగాక ఎన్‌కే కణాల గొంతు కొంతవరకు తిరిగి వస్తోందని పరిశోధనల్లో తేలింది. ఇమ్యూనిటీని బాగుచేసే గుణం ఎందులోనైనా ఉందంటే, ఆ తల్లి కవర్‌లో అడుగున పడి ఉన్న ఆ డబ్బాలోనే ఉంది.

మాత్రలు హఠాత్తుగా ఆపితే వైరస్ ఒక్కసారిగా లేస్తుంది. దాన్ని చూసి సైన్యం లేస్తుంది. మధ్యలో లివర్ నలుగుతుంది. కొందరిలో అది పూర్తిగా చేతులెత్తేస్తుంది. ఎంపిక చేసిన కొద్దిమందిలో నిపుణులు దగ్గరుండి చూసుకుంటూ మందు ఆపడం ఉంది. సొంతంగా ఆపడానికీ దానికీ పోలిక లేదు. ఇక్కడే ఇంకో మాట. నొప్పులకనీ, ఆయాసానికనీ ఊళ్లో ఇచ్చే ఇంజెక్షన్లలో స్టెరాయిడ్లు ఉండొచ్చు. సైన్యాన్ని స్టెరాయిడ్‌తో పడుకోబెట్టి, మానేయగానే నిద్రలేపితే కూడా ఇదే జరుగుతుంది. హెపటైటిస్-బి ఉన్నవాళ్లు ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా ఆ సంగతి మొదటే చెప్పాలి.

హెపటైటిస్-బి ఉన్న అందరికీ మాత్రలు అక్కర్లేదు. కానీ అందరికీ చూపు అక్కర. ఆరు నెలలకోసారి ఎస్‌జీపీటీ, వైరల్ లోడ్, అవసరాన్ని బట్టి స్కానింగ్. మా డాక్టర్లమే చాలాకాలం ‘క్యారియర్వి, ఏమీ కాదు, పో’ అని పంపేశాం. ఆ మాట విని వెళ్లినవాళ్లలో కొందరు లివర్ క్యాన్సర్‌తో తిరిగి వచ్చారు. తప్పు మాది కూడా. 2024లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలు మార్చి, మునుపటికంటే చాలా ఎక్కువమందికి చికిత్స ఇవ్వాలంది. ఆ సంస్థ లెక్క ప్రకారం 2022లో ప్రపంచంలో 25.4 కోట్ల మందికి దీర్ఘకాలిక హెపటైటిస్-బి ఉంది. మన దేశంలోనే 2.98 కోట్లు. ప్రపంచం మొత్తం మీద తమకు జబ్బు ఉందని తెలిసినవాళ్లు 13 శాతం. మందు వాడుతున్నవాళ్లు 3 శాతం. మన దేశంలో 2018 జులై 28న మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద పరీక్షలు, మందులు ఉచితం. పొడి డబ్బాకు డబ్బు పెట్టినవాడు ఉచితంగా వచ్చే మాత్ర మానేశాడు. నాకు కోపం వచ్చేది ఆ అబ్బాయి మీద కాదు, ఆ డబ్బా మీద ‘లివర్ కేర్’ అని రాసి అమ్మేవాళ్ల మీద.

నిజంగా ఇమ్యూనిటీ పెంచి హెపటైటిస్-బిని గెలిచే మార్గం ఒకటుంది. దాని గడువు 24 గంటలు. బిడ్డ పుట్టిన తొలి 24 గంటల్లో వేసే టీకా. ఈ వైరస్ పుట్టుకలోనే సోకితే బిడ్డ రోగనిరోధక వ్యవస్థ దాన్ని శత్రువుగా పట్టించుకోదు. అలా సోకిన పది మందిలో తొమ్మిది మందికి అది జీవితాంతం ఉండిపోతుంది. పెద్దయ్యాక సోకితే ఉండిపోయేది నూటికి ఐదుగురిలో కూడా కాదు. వైరస్ అదే. వయసే తేడా. అందుకే తొలిరోజు డోసు, ఆ తర్వాత 6, 10, 14 వారాలకు పెంటావాలెంట్‌లో కలిపి వేసేవి. తల్లికి హెపటైటిస్-బి ఉంటే బిడ్డకు ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా వేయాలి. తల్లిలో వైరల్ లోడ్ బాగా ఎక్కువుంటే ఏడో నెల నుంచే ఆమెకు టెనోఫోవిర్ ఇస్తారు. తల్లిపాలు నిరభ్యంతరంగా ఇవ్వొచ్చు. ఒకే కంచంలో తిన్నా, కౌగిలించుకున్నా ఇది అంటదు. ఇంట్లో పళ్లెం, గ్లాసు వేరు పెట్టడం అన్యాయం. వేరు పెట్టాల్సింది బ్లేడు, బ్రష్షు.

ఈ టీకా మన గడ్డ మీదే చవకైంది. విదేశాల నుంచి తెచ్చే టీకా మామూలు కుటుంబానికి అందని రోజుల్లో, వరప్రసాద్ రెడ్డి హైదరాబాద్‌లో శాంతా బయోటెక్నిక్స్ పెట్టి 1997లో షాన్‌వ్యాక్-బి తెచ్చారు. ఆయన డాక్టరు కాదు, ఎలక్ట్రానిక్స్ ఇంజినీరు. ప్రభుత్వ టీకాల కార్యక్రమంలో ఇది దేశమంతటికీ చేరింది 2011లో. అంతకుముందు పుట్టి ఇప్పుడు సంపాదించి ఇల్లు నడుపుతున్న తరంలో చాలామందికి ఆ డోసు పడలేదు. బంట్వారం, కోట్‌పల్లి లాంటి మండలాల్లో కాన్పుకు వికారాబాద్‌కో తాండూరుకో జహీరాబాద్‌కో వెళ్తారు. రాత్రి కాన్పయి, మర్నాడు ఆదివారమై, ‘సోమవారం వేద్దాంలే’ అంటే ఆ 24 గంటలు పోయినట్టే. ప్రైవేటు నర్సింగ్ హోమ్ అయినా సరే, డిశ్చార్జి కాగితం మీద తొలిరోజు డోసు వేసిన గంట రాయనిదే తల్లీబిడ్డలను పంపకూడదని ప్రభుత్వం ఆదేశించాలి. ఆశా కార్యకర్త ఇంటికొచ్చినప్పుడు అడగాల్సిన మొదటి ప్రశ్న కూడా అదే కావాలి. బీపీ, షుగరు చూసే చోటే పెద్దవాళ్లకు ఒక్కసారైనా హెచ్‌బీఎస్ఏజీ పరీక్ష చేయడం పెద్ద ఖర్చు కాదు.

ఆ అబ్బాయికి మాత్రలు మళ్లీ మొదలుపెట్టాం. కొన్ని రోజులు వార్డులో ఉంచాం. పసుపు దిగడానికి ఆరు వారాలు పట్టింది. డిశ్చార్జి రోజున వాళ్లమ్మతో, ‘‘అమ్మా, నీకూ ఒకసారి పరీక్ష చేయిద్దాం’’ అన్నాను. ‘‘నాకేంది సారూ, నేను మంచిగనే ఉన్న’’ అని నవ్వింది. రిపోర్టు పాజిటివ్ వచ్చింది.

‘‘అంటే నా నుంచే ఒచ్చిందా వానికి?’’

అయ్యుండొచ్చని చెప్పాను. అతను పుట్టిన ఏడాదికి ఈ టీకా మన ఊళ్లకు రాలేదని, ఆమెకు ఏ పరీక్షా ఎవరూ చేయలేదని, ఇందులో ఆమె చేసిందేమీ లేదని కూడా చెప్పాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత కోడలి గురించి అడిగింది. కోడలిది నెగటివ్. ఆమెకు టీకా రెండు డోసులయ్యాయి. ఆరో నెల డోసుకు ఏ తారీఖున రావాలో కాగితం మీద పెద్ద అక్షరాలతో రాయించుకుని, ఆ కాగితాన్ని మాత్రల డబ్బాకు రబ్బరు బ్యాండుతో చుట్టి తీసుకెళ్లింది.